పెర్ఫార్మెన్స్ కారుకు ఆటోమేటిక్కా, మాన్యువలా? వేగం కన్నా ముందు వేడి సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సుమారు 300 హార్స్‌పవర్ ఉన్న రియర్ వీల్ డ్రైవ్ కారు కొనబోతున్నారు. అదే మోడల్ 6 స్పీడ్ మాన్యువల్‌లోనూ దొరుకుతోంది, 8 స్పీడ్ ఆటోమేటిక్‌లోనూ దొరుకుతోంది. రోజూ ఆఫీసుకు వెళ్లేది అందులోనే, ఏడాదికి నాలుగైదు సార్లు ట్రాక్ ఎక్కించేదీ దాన్నే. "అసలైన డ్రైవింగంటే మాన్యువలే" అని స్నేహితుల్లో ఒకరు, "ఆటోమేటిక్ ముందు మాన్యువల్ నిలవదు" అని ఇంకొకరు చెప్పడంతో మీకు పాలుపోవడం లేదు. పైగా ఏది ఎక్కువ కాలం మన్నుతుందో కూడా తేలాలి.

వేగం సంగతి ముందే తేల్చేద్దాం, అందులో వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. 2021లో వచ్చిన పోర్షా 911 జీటీ3నే తీసుకోండి. ఇంజను ఒకటే, బాడీ ఒకటే. 0 నుంచి 100 కిలోమీటర్లకు పీడీకే (పోర్షా వారి డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌తో 3.4 సెకన్లు, 6 స్పీడ్ మాన్యువల్‌తో 3.9 సెకన్లు అని కంపెనీయే చెబుతుంది. పీడీకే బండి 1435 కిలోలు, మాన్యువల్ 1418 కిలోలు. అంటే 17 కిలోలు ఎక్కువ మోస్తూ కూడా అర సెకను ముందుంటోంది. 2023 బీఎండబ్ల్యూ ఎం2లో తేడా ఇంకా తక్కువ: ఆటోమేటిక్ 4.1, మాన్యువల్ 4.3. ఆ మాన్యువల్ అంకె కూడా చెయ్యి తిరిగిన డ్రైవరు చేతిలో వచ్చేదే. మామూలు మనిషి క్లచ్ వదలడంలో కాస్త తొందరపడితే చక్రాలు ఉన్నచోటే తిరిగి, ఆలస్యం చేస్తే ఇంజను ఊపు పడిపోయి మరో అర సెకను సులువుగా పోతుంది.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మీరు క్లచ్ నొక్కి, గేరు మార్చి, మళ్లీ క్లచ్ వదిలేసరికి అర సెకను పట్టిందనుకుంటే, 14 మీటర్లు ఇంజను తోడు లేకుండా, గాలిని చీల్చుకుంటూ, వేగం కోల్పోతూ పోయినట్టే. మంచి ఆటోమేటిక్‌లో ఒక క్లచ్ వదులుతుండగానే ఇంకో క్లచ్ పట్టుకుంటుంది, మధ్యలో ఖాళీ ఉండదు.

అయితే "ఆటోమేటిక్" అనే ఒక్క మాట కింద అసలు పోలికే లేని యంత్రాలున్నాయి. మీ స్నేహితుల వాదన తెగకపోవడానికి సగం కారణం అదే. సీవీటీని (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం), సింగిల్ క్లచ్ ఏఎంటీని (క్లచ్, గేరు యంత్రమే మార్చే మాన్యువల్) పక్కన పెట్టేయండి, ఈ తరగతి బండ్లకు వాటితో పనిలేదు. మిగిలేవి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, తడి డ్యూయల్ క్లచ్, పొడి డ్యూయల్ క్లచ్.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ఉంటుంది. ఇంజను వైపు రెక్కలు ఆయిల్‌ను విసిరితే, గేర్‌బాక్స్ వైపు రెక్కలు ఆ దెబ్బకు తిరుగుతాయి. మధ్యలో ఉన్న స్టేటర్ వెనక్కి వచ్చే ఆయిల్‌ను సరైన కోణంలోకి మళ్లిస్తుంది కాబట్టి, బండి కదిలే క్షణంలో ఇంజను ఇచ్చే టార్క్ (తిప్పే బలం) దాదాపు రెట్టింపై చక్రాల వైపు వెళుతుంది. కదిలాక కాసేపటికే లాకప్ క్లచ్ పట్టేసి, ఆయిల్ జారుడు లేకుండా ఇంజనునూ గేర్‌బాక్స్‌నూ ఒకటి చేసేస్తుంది. "ఆటోమేటిక్ అంటే జారుతూ సాగే బండి" అన్న మాట లాకప్ సరిగా లేని పాత నాలుగు గేర్ల కాలానిది. మీరు చూస్తున్న 8 స్పీడ్ బహుశా జెడ్ఎఫ్ 8హెచ్‌పీ కుటుంబానిది అయ్యుంటుంది. 2009 నుంచి వాడుకలో ఉన్న ఆ డిజైన్‌లో నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, వాటిని పట్టి వదిలే ఐదు క్లచ్, బ్రేక్ ప్యాక్‌లు ఉంటాయి. ఏ గేరులో ఉన్నా మూడు పట్టుకుని ఉంటాయి, రెండే ఖాళీగా తిరుగుతాయి. పక్క గేరుకు వెళ్లాలంటే ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే చాలు. దాని చురుకుదనానికి మూలం ఇదే.

డ్యూయల్ క్లచ్ వేరే దారి. నిజానికి అది రెండు మాన్యువల్ గేర్‌బాక్స్‌లను ఒకే డబ్బాలో పెట్టినట్టు: 1, 3, 5, 7 గేర్లు ఒక షాఫ్ట్ మీద, 2, 4, 6 ఇంకో షాఫ్ట్ మీద, ఒక్కోదానికి ఒక్కో క్లచ్. మీరు మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా వేసి ఉంటుంది. మార్కెట్లోకి వచ్చిన మామూలు కార్లలో ఇది మొదట 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో కనిపించింది. తర్వాతి గేరు ఏదో ముందే ఊహించుకునే ఈ పద్ధతిలోనే దీని బలహీనత కూడా ఉంది. మీరు వేగం పెంచుతున్నారని అది నాలుగు సిద్ధం చేసి పెట్టుకుంటే, మీరు హఠాత్తుగా బ్రేక్ కొట్టి రెండు అడిగితే, సిద్ధం చేసిన గేరు తీసేసి వేరేది వేయాలి. నాలుగు నుంచి నేరుగా రెండు అడిగితే ఇంకా కష్టం, రెండూ ఒకే షాఫ్ట్ మీదున్నాయి కాబట్టి. ఆ తడబాటు పాదానికి తెలుస్తుంది. ట్రాక్ మీద ప్యాడిల్‌తో (స్టీరింగ్ వెనకుండే గేరు మీట) ఒక్కో గేరూ వరుసగా దించితే ఈ సమస్యే రాదు.

ఏది నయం? పెద్ద టార్క్ ఉన్న రోడ్డు బండికి టార్క్ కన్వర్టరే అని నా గట్టి అభిప్రాయం. బీఎండబ్ల్యూ ఎం5 పాత తరంలో డ్యూయల్ క్లచ్ వాడింది, 2017లో వచ్చిన తరానికి 8 స్పీడ్ టార్క్ కన్వర్టర్‌కు మారింది. గేరు మారే వేగంలో తేడా కంటికి ఆననంత తగ్గిపోయాక, ట్రాఫిక్‌లో మెత్తగా కదలడం, టార్క్ తట్టుకోవడం, ఓర్పు, ఇవే నిర్ణయిస్తాయి.

ఇక వేడి. గేర్‌బాక్స్‌ల ఆయుష్షు తేల్చేది ఇదే, కొనేటప్పుడు ఎవరూ అడగనిదీ ఇదే. లెక్క వేసి చూద్దాం. 1500 కిలోల మాన్యువల్ బండి. ఇంజనును 4500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, క్లచ్ జార్చుతూ లాంచ్ చేస్తే (ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా దూకిస్తే), మొదటి గేరులో క్లచ్ రెండు వైపులా ఒకే వేగానికి వచ్చేది సుమారు 40 కిలోమీటర్ల దగ్గర. ఆ వేగంలో బండికున్న గతిశక్తి దాదాపు 93 కిలోజౌల్స్, క్లచ్‌లో వేడిగా మారేదీ దాదాపు అంతే. క్లచ్ ప్లేటును రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లైవీలూ ప్రెషర్ ప్లేటూ కలిపి పది కిలోల ఇనుము అనుకుంటే, ఒక్క లాంచ్‌కు సగటున 20 డిగ్రీలు పెరుగుతుంది. రాసుకునే పై పొర మాత్రం ఆ క్షణంలో దీనికి ఎన్నో రెట్లు వేడెక్కుతుంది. చల్లారనివ్వకుండా వరుసగా పది లాంచ్‌లు చేస్తే సగటే 200 డిగ్రీలు పెరిగినట్టు. మామూలు ఆర్గానిక్ క్లచ్ ప్లేటు 250, 300 డిగ్రీల దగ్గర పట్టు వదిలేస్తుంది. ఆ మాడు వాసన అదే. ఇప్పుడు రోజువారీ పద్ధతి చూడండి: 1300, 1400 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలితే 12 కిలోమీటర్ల వేగానికే పట్టేస్తుంది, పుట్టే వేడి 8 కిలోజౌల్స్ చిల్లర. ఒక్క లాంచ్ పదకొండు మామూలు కదలికలతో సమానం.

అదే వేడి టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్‌లోకి వెళుతుంది, ఆయిల్ కూలర్‌కు వెళ్లి చల్లబడి వస్తుంది. అరిగే ముక్క లేదు. తడి డ్యూయల్ క్లచ్‌లో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడి బయటపడుతుంది గానీ, ప్లేట్లు అరుగుతూనే ఉంటాయి, ఆ అరిగిన రజను ఆయిల్‌లోనే చేరుతుంది. పొడి డ్యూయల్ క్లచ్‌కు గాలి తప్ప దిక్కులేదు. అందుకే ఫోక్స్‌వాగన్ వారి పొడి క్లచ్ 7 స్పీడ్ డీక్యూ200ను 250 న్యూటన్ మీటర్ల పరిమితితో తయారుచేశారు, అంతకు మించిన ఇంజన్లకు తడి క్లచ్ గేర్‌బాక్స్‌లు పెట్టారు. ట్రాక్ ఆలోచన ఉంటే పొడి డ్యూయల్ క్లచ్ జోలికి పోకండి.

పొడి క్లచ్ బండి ఇప్పటికే వాడుతున్నవారు ఒకటి గుర్తుపెట్టుకోండి. ట్రాఫిక్‌లో బ్రేక్ మీద నుంచి కాలు కొద్దిగా తీసి పాకిస్తుంటే, బండి మీ తరఫున హాఫ్ క్లచ్ వేస్తోందన్నమాట. ముందు బండికీ మీకూ ఒక కారు పట్టేంత ఖాళీ రానిచ్చి, అప్పుడు కదిలి, మళ్లీ పూర్తిగా ఆపండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేక్‌తో నిలపండి.

మాన్యువల్ తీసుకుంటే ట్రాక్ మీద అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఒకటుంది: పై గేరుకు వెళ్లబోయి కింద గేరులో పడడం. ఉదాహరణకు మీ బండి నిష్పత్తులు రెండో గేరు 2.10, మూడు 1.50, నాలుగు 1.15 అనుకోండి. మూడులో 7000 దాకా లాగి, నాలుగు అనుకుని లివర్‌ను రెండులో పడేశారు. క్లచ్ వదలగానే చక్రాలు ఇంజనును 9800 ఆర్‌పీఎంకు తిప్పేస్తాయి. ఇంజను వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ కాపాడుతుందనుకోకండి. అది ఇంధనం ఆపగలదు గానీ, చక్రాలు తిప్పుతుంటే ఆపలేదు. వాల్వ్ స్ప్రింగులు ఆ వేగం అందుకోలేక వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, కనెక్టింగ్ రాడ్ బోల్టులు సాగుతాయి. ఇంజను అక్కడికక్కడే పోకపోయినా లోపల దెబ్బ మిగిలే ఉంటుంది.

ఇది చేతి పట్టులో దిద్దుకోవాల్సిన తప్పు. లివర్ న్యూట్రల్‌లో ఉన్నప్పుడు స్ప్రింగులు దాన్ని వాటంతట అవే 3-4 వరుసలోకి తెచ్చి నిలబెడతాయి. కాబట్టి మూడు నుంచి నాలుగుకు పిడికిలి బిగించి లాగకూడదు. వేళ్లు వదులుగా లివర్ ముందు వైపు వేసి, తిన్నగా వెనక్కి లాగండి, దారి స్ప్రింగు చూసుకుంటుంది. రెండు నుంచి మూడుకు కూడా అంతే: న్యూట్రల్ దాకా తోసి పట్టు సడలిస్తే లివరే మధ్యకు వస్తుంది, అప్పుడు అరచేత్తో ముందుకు నెట్టండి. బిగపట్టిన చెయ్యే లివర్‌ను ఎడమకు ఈడ్చి రెండులో పడేస్తుంది. ఇంజను, గేర్‌బాక్స్ మౌంటులు (వాటిని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) మెత్తబడిన బండిలో మలుపు ఒత్తిడికి గేర్‌బాక్సే పక్కకు ఒరిగి, లివర్ కదిలే గేటు మీ చేతికి అలవాటైన చోట ఉండదు. ట్రాక్‌కు ముందు మౌంటులు చూపించమనేది అందుకే.

కింది గేర్లకు దిగేటప్పుడు హీల్ అండ్ టో. కుడి పాదం ముందు భాగం బ్రేక్ మీద, ఒత్తిడి మారకుండా. క్లచ్ నొక్కి, నాలుగు నుంచి మూడుకు మార్చి, ఆ పాదం కుడి అంచుతోనే యాక్సిలరేటర్‌ను ఒక్క తట్టు తట్టాలి. పై నిష్పత్తులతో నాలుగులో 4000 ఉన్న ఇంజను మూడులో 5200 దగ్గర ఉండాలి, అంటే తట్టు విలువ 1200 ఆర్‌పీఎం. అప్పుడు క్లచ్ వదిలితే బండి తల ఊపదు. తట్టకుండా వదిలితే ఇంజనును 5200కు లేపే భారం వెనక టైర్ల మీద పడుతుంది. బ్రేక్ మీదున్న రియర్ వీల్ డ్రైవ్ బండిలో వెనక భాగం జారేది అక్కడే.

చాలామంది పొరబడే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లచ్ నొక్కి ఉంచి తట్టే ఈ పద్ధతి క్లచ్‌ను, టైర్లను కాపాడుతుంది, సింక్రోలను (గేరు పడే ముందు రెండు వైపుల వేగాలను రాపిడితో కలిపే రింగులు) కాదు. క్లచ్ నొక్కి ఉన్నంతసేపు ఇంజనుకూ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కూ సంబంధం లేదు, ఆ షాఫ్ట్‌ను కొత్త వేగానికి తేవాల్సింది సింక్రో కోనే. సింక్రోలను కూడా కాపాడాలంటే డబుల్ డీక్లచ్ చేయాలి: క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, అప్పుడు తట్టి, మళ్లీ నొక్కి గేరు వేయాలి. మంచి సింక్రోలున్న బండికి రోజూ ఇది అక్కర్లేదు. రెండో గేరు చలిలో గర్రుమంటున్న పాత బండికి మాత్రం ఆయుష్షు పోస్తుంది. కొత్త మాన్యువల్ బండ్లలో చాలావాటికి ఈ తట్టు అవే వేసుకునే ఏర్పాటుంది, 2009 నిస్సాన్ 370జెడ్‌తో మొదలైంది. నేర్చుకోవాలనుకుంటే దాన్ని ఆఫ్ చేసే బటన్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

మాన్యువల్ గేరాయిల్ విషయంలో "జీఎల్-5 కదా, జీఎల్-4 కన్నా మంచిదే" అని పోయించేవాళ్లున్నారు. అది డిఫరెన్షియల్ (ఇరుసు మీద చక్రాలకు శక్తి పంచే గేర్లు) కోసం చేసిన గ్రేడు. అందులో సల్ఫర్, ఫాస్ఫరస్ అడిటివ్‌లు ఎక్కువ, ఇత్తడి సింక్రో రింగులున్న గేర్‌బాక్స్‌కు సరిపడవు. పైగా ఆ జారుడుకు సింక్రో కోను గేరును పట్టుకోలేక, మార్చిన ప్రతిసారీ గీరుకుంటుంది. బండితో వచ్చిన పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 పోయండి, అంతే. ట్రాక్ బండికి క్లచ్ ఫ్లూయిడ్ మరిచిపోకండి. చాలా బండ్లలో అది బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాలోంచే వస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. నాలుగో ల్యాప్‌లో క్లచ్ పెడల్ నేలకు అతుక్కుపోయి పైకి రాకపోతే మొదట అనుమానించాల్సింది ఈ ఫ్లూయిడ్‌నే. ఏడాదికోసారి మార్చి, గాలి తీయించండి.

ఆటోమేటిక్ వైపు జాగ్రత్తలు తక్కువే గానీ, వదిలేస్తే బిల్లు పెద్దది. "ఈ ఆయిల్ బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదు" అనే మాట నమ్మకండి. తయారుచేసిన జెడ్ఎఫ్ సంస్థే 8హెచ్‌పీకి 80,000 నుంచి 120,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. ఫోక్స్‌వాగన్ తడి క్లచ్ డీక్యూ250కి 60,000. ట్రాక్ ఎక్కే బండికి నేనైతే ఈ అంకెలను సగం చేస్తాను. 8హెచ్‌పీలో చాలావాటికి ఆయిల్ సంప్ (అడుగు తొట్టి) ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, కాబట్టి సంప్ మొత్తం మార్చాలి. లెవెల్ చూసేది ఇంజను నడుస్తుండగా, ఆయిల్ పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడే. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. కాలుతున్న గేర్‌బాక్స్‌లో చూస్తే నిండినట్టు కనిపించి, చల్లారాక తక్కువవుతుంది. తక్కువైతే పంపు గాలి పీల్చి క్లచ్‌లు జారతాయి, ఎక్కువైతే నురగ కడుతుంది. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే స్కానర్ లేకుండా ఈ పని చేస్తామనే గ్యారేజీకి బండి ఇవ్వకండి.

ట్రాక్ మీద ఆటోమేటిక్‌ను డీలో వదిలేయకండి. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, బ్రేకింగ్ జరుగుతుండగానే, బండి తిన్నగా ఉండగానే గేర్లన్నీ దించేసుకోండి. డీలో ఉంటే మలుపు మధ్యలో మీరు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కగానే కిక్‌డౌన్ పడి (గేరు దానంతట అదే కిందికి దిగి), వెనక టైర్లకు ఒక్కసారిగా టార్క్ తగిలి బండి తిరిగిపోవచ్చు. ఆయిల్ వేడి చూపించే గేజ్ ఉంటే 80 నుంచి 100 మామూలు. 120 దాటిందంటే ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగండి. ఆగిన వెంటనే ఇంజను కట్టేయకండి, ఆయిల్‌ను కూలర్‌కు తోసే పంపును తిప్పేది ఇంజనే.

తర్వాత పవర్ పెంచుకునే ఆలోచనుంటే ఇప్పుడే లెక్కలో వేసుకోండి. బీఎండబ్ల్యూ ఎం3లోనే చూడండి, మాన్యువల్‌కు 550 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్ మాత్రమే ఉన్న కాంపిటీషన్‌కు 650. మాన్యువల్ అయితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్చి దారి చేసుకోవచ్చు. కొత్త క్లచ్ వేశాక తొలి 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లోనే మెల్లగా నడిపి కుదురుకోనివ్వాలి. డ్యూయల్ క్లచ్‌లో అదే పని ఎన్నో రెట్లు ఖరీదు.

పోటీల సంగతి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. ఫార్ములా వన్‌లో క్లచ్ పెడల్ కాలం చెల్లడం 1989లోనే మొదలైంది, ప్యాడిల్ గేర్‌బాక్స్ ఉన్న ఫెరారీతో నైజెల్ మాన్సెల్ బ్రెజిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన రోజున. డ్రాగ్ రేసింగ్‌లో ఇప్పటికీ రెండే గేర్ల పాత షెవర్లే పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్‌ను వాడేవాళ్లున్నారు, ప్రతిసారీ ఒకేలా కదులుతుంది కాబట్టి. డ్రిఫ్ట్‌లో మాత్రం క్లచ్‌ను తన్ని వెనక టైర్ల పట్టు విడిపించాలి, అక్కడ మాన్యువల్‌కు ఎదురులేదు.

ఇక మీ బండి. ఆఫీసు దారి అడుగడుగునా ఆగే ట్రాఫిక్ అయి, ట్రాక్‌లో మీకు కావలసింది ల్యాప్ టైమైతే 8 స్పీడ్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. గేరు భారం లేకపోతే కొత్తవాళ్ల దృష్టి బ్రేకింగ్ పాయింటు మీదా మలుపు గీత మీదా నిలుస్తుంది, అది తక్కువ లాభం కాదు. టైముతో పనిలేదు, బండిని చేత్తో కాలుతో అర్థం చేసుకోవాలి అన్నదే మీ కోరికైతే మాన్యువల్ తీసుకోండి, సెకనులో ఆ రెండు పదో వంతులకు బాధపడకండి. అది వెనకబాటు కోరిక కాదు. 2013లో పీడీకేతో మాత్రమే వచ్చిన జీటీ3కి 2017లో పోర్షా మళ్లీ మాన్యువల్ ఇచ్చింది కొనేవాళ్లు అడిగినందుకే. మాన్యువల్‌లో క్లచ్ ఖర్చు మధ్య మధ్యలో తప్పదు, అది తెలిసిన ఖర్చు. ఆటోమేటిక్‌లో ఆయిల్ మార్చినంతకాలం ఏమీ ఉండదు, మార్చకపోతే ఒక్కసారే వస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇవి చేయందే అడ్వాన్సు ఇవ్వకండి. మాన్యువల్‌ను నాలుగో లేదా ఐదో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర నుంచి పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఎగబాకితే క్లచ్ అయిపోయింది. ఇంజను ఇంకా చల్లగా ఉండగానే మూడు నుంచి రెండుకు దించండి, సింక్రో అరిగి ఉంటే అక్కడ దొరుకుతుంది, వేడెక్కాక దాక్కుంటుంది. ఆటోమేటిక్‌నైతే రాత్రంతా ఆగిన బండిని మీరే మొదట స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలుంచి డీలోకి, ఆర్‌లోకి మార్చండి. పట్టుకోవడానికి ఒకటిన్నర సెకను దాటినా, దబ్‌మని కుదిపినా లోపల ప్రెషర్ సరిగా లేదు. తర్వాత అరగంట నడిపి, బాగా వేడెక్కాక అదే పరీక్ష మళ్లీ చేయండి. మీరు వచ్చేసరికే బండి స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టి ఉంటే, మర్నాడు ఉదయం మళ్లీ వస్తానని చెప్పి రండి.